కోడిపిల్లలను ఇంటికి దెచ్చుటకు దగిన కాలము

మన దేశమున పుంజుల కొక శాస్త్రము గలదు. ఏ వన్నె పుంజు ఏ దినమున ఏ దిక్కునుండి బరిలోనికి దిగిన గెలుచునో, ఏ జామున ఏ వన్నె దాని చేతిలో నోడునో కుక్కుటశాస్త్రము ననుసరించి లెక్కగట్టి చెప్పువారు గోదావరీ తీరమున నేటికిని గలరు. పందెములను చట్టము నిషేధించినను సంక్రాంతి సమీపించినంతనే ఆ శాస్త్రమునకు ప్రాణము వచ్చుచున్నది. కాని పెట్టను గూర్చియు, దాని పిల్లను గూర్చియు ఇంతటి శ్రద్ధతో దినము లెంచిన వారిని నేనెరుగను. పుంజు గెలుపు పురుషులకు వినోదము. పెట్ట పెట్టు గ్రుడ్డో, ఇల్లాలి చేతిలోని కాసు, బిడ్డ నోటిలోని ముద్ద. ఈ రెండింటిలో దేనికి ముందుగా కాలము చూడవలయునో సోదరీమణులే నిర్ణయింపగలరు.

కోళ్ల పెంపకమును గూర్చి ప్రసంగము వచ్చినపుడు మన స్త్రీలు "ఏ జాతి మేలు? పిల్ల వెల యెంత? ఏమి మేపవలయును?" అని యడుగుదురు. "ఏ నెలలో తేవలయును?" అని యడుగువారు మిక్కిలి యరుదు. వీధిలోనికి పిల్లల గంప వచ్చిన దినమే మంచి దినమని పలువురి తలంపు. పెరటిలో పదియో ఇరువదియో కోళ్లను పెంచుకొను గృహిణికి లాభనష్టములలో సగము ఈ యొక్క ప్రశ్నయందే యిమిడి యున్నదని నా నమ్మకము.

మా వీధిలో నొక పెద్దమ్మ గలదు. పాలమ్మి కూడబెట్టిన సొమ్ముతో, మనుమరాలి బడి ఖర్చునకు గ్రుడ్ల రాబడి యుపకరించునని, వైశాఖమాసమున ముప్పది పిల్లలను గొన్నది. ఎనిమిది దినములలో తొమ్మిది మాత్రము మిగిలినవి. "పిల్లలకు చలి తగులరాదని యందరు ననిరి గదా తల్లీ! అందుకనియే ఎండకాలము చూచి తెచ్చితిని" అని ఆమె నాతో ననినది. ఆమె తలపోత లేకుండ జేసినది కాదు. లోకమున నందరు చెప్పుమాటయే ఆమెయు నమ్మినది. ఆ మాటలో సగము నిజము గలదు. మిగిలిన సగమును చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముగ్గురు శత్రువులు

అప్పుడే గ్రుడ్డు వెడలిన పిల్లకు నూగు మాత్రమే గాని ఈక లుండవు. తన యొడలి వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి మూడు నాలుగు వారములకు గాని రాదు. మొదటి వారమున దానికి 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలయును. పిమ్మట వారమునకు సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుచు రావచ్చును. తల్లికోడి యున్నచో తన రెక్కల క్రింద ఈ వేడిని తానే యిచ్చును. కొని తెచ్చిన పిల్లలకు ఆ భారము మనదే.

కావున పిల్లకు చలి శత్రువనుట నిజము. కాని ఎండయు తేమయు అంతకంటెను గొప్ప శత్రువులు. ఏలయనగా, చలి మన చేతికి లొంగును. ఆ రెండును లొంగవు.

ఎండను జూడుడు. ఏప్రిలు, మే నెలలలో మన జిల్లాలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటి యొక్కొక్కచో 45 వరకు బోవును. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దానికున్న యుపాయము. రేకు కప్పు క్రింద నున్న పిల్ల మొదటి వారపు లేతదైనను ఆ వేడికి నీరసించి, మేత విడిచి, నీటిపాత్ర చుట్టు గుమిగూడి కూలిపోవును. పైగా గంపలలో త్రోవ నడిచి వచ్చునప్పుడే సగము ప్రాణము పోయి యుండును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పిరి. రోలు పగులు నెండకు పిల్ల యెట్లు నిలుచును? తడి గోనెలు కట్టుట, కప్పుపై గడ్డి పరచుట మంచివే గాని, అవి యెండను రెండు మూడు డిగ్రీలు తగ్గించును గాని మాన్పజాలవు.

ఇక తేమ. మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే చల్లబడినదని పిల్లలను తెచ్చువారు గలరు. వానకాలమున కోళ్లగూటిలోని ఊక తడిసి యారదు. పిల్లల రెట్టతో వెలువడు కాక్సిడియా యను సూక్ష్మజీవుల బీజములు తడియు వెచ్చదనమును దొరకెనా, ఒకటి రెండు దినములలోనే రోగము కలిగించు శక్తిని పొందును. మూడు మొదలు ఆరు వారముల ప్రాయమున నున్న పిల్లలు ఈ రోగమునకు సులభముగా చిక్కును. రక్తపు రెట్టలు వేయుచు, రెక్కలు వ్రేలాడవేసి, ఒక మూల ముడుచుకొని కూర్చుండును. తేమకు మేతయు బూజు పట్టును. బూజు పట్టిన మొక్కజొన్న నూకయు, వేరుసెనగ పిండియు పిల్లకు విషమే. వారముల తరబడి ముసురు పట్టిన యింట ఊక నారబెట్టుట ఏ గృహిణికి సాధ్యము?

చలి యట్టిది కాదు. నాలుగు గోడలు, నాలుగు అంగుళముల యూక, ఒక బల్బు ఉన్నచో చలిని గెలువవచ్చును. రాత్రి చల్లనైనను పగలు ఎండ కాయును, ఊక యారును, మేత చెడదు. కాబట్టి దోషము లేని కాలమును వెదకవలదు. అట్టిది లేదు. ఏ కాలపు దోషమును మన చేతితో దిద్దగలమో ఆ కాలమే మంచి కాలము. మన తెలుగు నేలపై అది శీతకాలము.

సంక్రాంతి లెక్క

శీతకాలములో నైనను ఏ దినము? దీనికి సులభమైన లెక్క యొకటి గలదు. పిల్లను తెచ్చు దినమును గాక, అది తొలి గ్రుడ్డు పెట్టు దినమును ముందు చూచి వెనుకకు లెక్కింపవలయును. మన పెరళ్లలో పెంచుటకు హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు వనరాజ, గ్రామప్రియ యను జాతులను రూపొందించిరి. ఇవి సామాన్యముగా అయిదున్నర మొదలు ఆరు నెలలకు తొలి గ్రుడ్డు పెట్టును. నాటుపెట్టకు ఆరేడు నెలలు పట్టును. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టునేని, వనరాజ 100 వరకును, గ్రామప్రియ 150కి మించియు పెట్టును.

జనవరి 14వ తేదీన, సంక్రాంతి దినములలో, పిల్ల మన యింటికి వచ్చినదనుకొందము. దానికి వేడి కావలసిన నాలుగు వారములును ఫిబ్రవరి నడుమకు ముగియును. అప్పటికి శివరాత్రి దగ్గరపడి చలియు శివ శివా యని పోవుచుండును. మార్చి కడపటికి పదివారముల ప్రాయము వచ్చి, వేయవలసిన టీకాలన్నియు ఎండ ముదురకముందే పూర్తి యగును. మే 25న రోహిణి కార్తె వచ్చునప్పటికి అది పందొమ్మిది వారముల పెట్ట. ఈకలు నిండినది, చెట్టునీడ వెదకికొనగలది, ఇంకను గ్రుడ్డు భారము లేనిది. జూన్ కడపట గాని, జూలై నడుమ గాని, తొలకరి పడి నేల చల్లబడి, పురుగులు, పచ్చిక సమృద్ధిగా దొరకు వేళ తొలి గ్రుడ్డు పెట్టును. ఇంత చక్కగా నమరు తేదీ వేరొకటి నాకు కానరాలేదు.

ఇదే లెక్కను ఇతర కాలములకు వేసి చూడుడు. నవంబరు నడుమ తెచ్చిన పిల్ల తొలి గ్రుడ్డు పెట్టవలసినది ఏప్రిలు కడపటనో మే నడుమనో. అనగా నట్టనడి యెండలో. ఆ వేడిలో పెట్ట మేత తగ్గించును. రొప్పి రొప్పి గ్రుడ్డు పెంకునకు కావలసిన సత్తువ కోల్పోవును. గ్రుడ్డు చిన్నది, పెంకు పలుచనిది యగును. జూన్ నడుమ తెచ్చిన పిల్ల తేమకు తట్టుకొని బ్రతికినను, డిసెంబరు నడుమ గ్రుడ్డునకు వచ్చును. అప్పుడు పొద్దు చాలదు. పుష్యమాసమున పూస గ్రుచ్చుటకైన పొద్దుండదని మన సామెత. హైదరాబాదు ప్రాంతమున జూన్ నెలలో పగలు 13 గంటలకు పై చిలుకు. డిసెంబరులో 11 గంటలు మాత్రమే. పెట్టకు గ్రుడ్డు తయారగుట వెలుగు మీద నాధారపడి యున్నది. పద్నాలుగు గంటల వెలుగున్న నది చక్కగా పెట్టును. పొద్దు తరుగుచున్న దినములలో కొత్త పెట్ట గ్రుడ్డునకు వచ్చుట యాలస్యమగును. మార్చిలో తెచ్చిన పిల్ల మాట చెప్పనక్కరలేదు. దాని పసితనమే యెండ పాలగును.

పుంజుల మాటయు గలదు. జాతి పిల్లలను లింగభేదము చూడక తెచ్చినపుడు ఇంచుమించు సగము పుంజులే యగును. వాటిని వేళకు నమ్మకున్న మేత ఖర్చు పెట్టల రాబడిని తినివేయును. సంక్రాంతినాటి పుంజుపిల్ల ఆషాఢమాసమునకు అమ్మకమునకు వచ్చును. తెలంగాణమున అది బోనాల కాలము. నాటుకోడికి గిరాకి హెచ్చు. దాటిన వెంటనే శ్రావణము. నోములు పట్టిన ఇండ్ల మాంసము మాని ధర పడును. ఈ సంగతి యెరిగిన యిల్లాలు ఆషాఢము దాటనీయదు.

తావును బట్టి మార్పు

ఒకే తేదీ యన్ని యూళ్లకు సరిపడదు. కోస్తా జిల్లాలవారు అక్టోబరు మొదలు డిసెంబరు తొలి దినముల వరకు పిల్లల జోలికి పోకుండుటయే మేలు. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. విశాఖపట్టణమును హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న కొట్టినది. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటినది. ఇంటి కప్పునకే దిక్కులేని రాత్రి కోళ్లగూటి నెవరు చూతురు? విద్యుచ్ఛక్తి పోయి రెండు రాత్రులు వేడి లేకున్న పసిపిల్లల గంప అంతయు పోవును. నెల్లూరు వంటి దక్షిణపు తీరమున వానలు డిసెంబరు వరకు సాగును గనుక వారికి సంక్రాంతియే సరి.

ఆదిలాబాదు ప్రాంతమున జనవరి రాత్రులు పది డిగ్రీల లోపునకు దిగుట గలదు. అచ్చటివారు మరి రెండు వారములాగి రథసప్తమి సమీపమున తెచ్చుకొనవచ్చును. రాయలసీమలో ఎండ త్వరగా వచ్చును గనుక డిసెంబరు నడుమనే మొదలిడవచ్చును. ఎవ్వరైనను శివరాత్రి దాటిన పిదప తేవలదు. ఆ యేడాదికి ఊరకుండి, మరుసటి శీతకాలమునకు గూడు సిద్ధపరచుకొనుట మేలు.

ఇంటి పెట్ట పొదిగినపుడు

కొన నక్కరలేక ఇంటి పెట్టచేతనే పొదిగించు సోదరీమణులును ఇదే లెక్క పాటింపవలయును. గ్రుడ్డు పిల్ల యగుటకు 21 దినములు పట్టును. సంక్రాంతికి పిల్లలు కావలయునన్న క్రిస్మసు పండుగ దినములలో గ్రుడ్లు వేయవలయును. నాటుపెట్ట క్రింద పది పన్నెండు చాలును.

ఎండకాలమున పొదుగు గ్రుడ్లు మురిగిపోవుటకు ఒక కారణము గలదు. ఇరువది డిగ్రీలకు మించిన వేడిలో నిలువయున్న గ్రుడ్డులో పిండము మెల్లగా చలించుట కారంభించును. పెట్ట యొడలి వేడి లేక అది సరిగా ఎదుగదు, నిలువదు, లోలోన చచ్చును. శీతకాలమున గ్రుడ్లను చల్లని చోట వారము దినములు దాచి యొక్కసారి పెట్టక్రింద వేయవచ్చును. ఎండకాలమున మూడు దినములైనను దాచుట కష్టము. వేసిన యేడవ నాటి రాత్రి టార్చిలైటు వెలుగున గ్రుడ్డు నెత్తి చూచినచో, ఎర్రని నరములు సాలెగూడువలె కానవచ్చునవి మంచివి. తేటగా నున్నవి ఒట్టివి. ఒట్టివానిని తీసివేయవలయును.

పిల్లలు రాకమునుపు

పిల్లలు వచ్చిన పిదప గూటిని సిద్ధపరచుట, పెండ్లివారు వాకిట నిలిచిన పిదప పొయ్యి రాజేయుట వంటిది. నాలుగు దినములు ముందుగానే నేల శుభ్రపరచి, సున్నము వేసి, ఆరిన ఊకను రెండు మూడు అంగుళముల మందమున పరచి, మొదటి దినములకు పైన కాగితము వేయవలయును. అట్టతో గాని రేకుతో గాని అడుగున్నర ఎత్తున గుండ్రని దడి కట్టినచో పిల్లలు మూలల జేరి యొకదానిపై నొకటి పడి చావవు. పిల్లకు రెండు వాట్ల చొప్పున, ముప్పది పిల్లలకు 60 వాట్ల తీగ బల్బు చాలును. ఇపుడు బజారున నెక్కువగా దొరకు ఎల్.ఇ.డి. బల్బు వెలుగిచ్చును గాని వేడి నీయదు. ఈ సంగతి మరువరాదు. విద్యుచ్ఛక్తి పోవు నూళ్లలో కుంపటి సిద్ధముగా నుంచుకొనవలయును. కాని కుంపటిని పిల్లలకు అందకుండ ఇటుకలు పేర్చి, కిటికీ తెరచియే పెట్టవలయును. మూసిన గదిలో బొగ్గుపొగ పిల్లలకును మనుష్యులకును ప్రాణాంతకము.

వేడి సరిపోయినదా లేదా యనుటకు యంత్రము లక్కరలేదు. పిల్లలు బల్బు క్రింద ముద్దగట్టి కీచుమనుచున్న చలి. దూరముగా పోయి నోళ్లు తెరచిన వేడి హెచ్చు. దడి నిండ చెల్లాచెదరై మేయుచున్న సరిగా నున్నది. రాగానే ముందు నీరు, పిమ్మట మేత. నీటిలో కొంచెము చక్కెర కలిపిన త్రోవ బడలిక తీరును.

టీకాలు, ఇరుగుపొరుగు

మన పల్లెలలో కోళ్లను ఊరికి ఊరుగా తుడిచిపెట్టునది కొక్కెర తెగులు. దీనికి మందు లేదు; టీకా కలదు. అయిదు మొదలు ఏడవ దినములోపల కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగవ వారమున మరల చుక్క, ఎనిమిది మొదలు పది వారముల ప్రాయమున సూది. పదునాలుగవ దినమున గంబోరో వ్యాధికి చుక్క, ఆరేడు వారములకు మశూచికి టీకా. పశువైద్యశాలవారి నడిగి ఈ దినములను పంచాంగమున గుర్తు పెట్టుకొనవలయును.

ఇక్కడనే కాలనిర్ణయము వలన మరియొక మేలు. టీకామందు సీసా సాధారణముగా నూరు పిల్లలకో అంతకుమించియో సరిపడునట్లు వచ్చును. కలిపిన పిమ్మట ఒకటి రెండు గంటలలో వాడవలయును. మంచులో నుంచి తేవలయును. పది పిల్లలు గల యిల్లాలు సీసా కొనుటకు వెనుదీసి, టీకాయే మానుకొనును. ఒక వీధిలోని పది యిండ్లవారు ఒకే వారమున పిల్లలను తెచ్చుకొనిరా, ఒక సీసా అందరికి చాలును. ఖర్చు పదియవ వంతగును. ప్రాయము వేరువేరుగా నున్న పిల్లలు కలియుట వలన వచ్చు రోగములును తగ్గును. దినపు పిల్లలకు వేడి నిచ్చుట సాధ్యముకాని వారు నాలుగు వారములు పెంచిన పిల్లలను కొనుట మంచిది. వెల హెచ్చైనను నష్టము తక్కువ. ముందుగా చెప్పి యుంచినగాని సంక్రాంతికి మంచి పిల్లలు దొరకవు గనుక కార్తికమాసముననే చెప్పి యుంచవలయును.

గులాబి, ఆకుపచ్చ రంగులు వేసి వీధులలో నమ్ము పిల్లలను జూచి పసివారు మారాము చేయుదురు. అవి చాలవరకు గ్రుడ్ల జాతులలో వేరుచేసి పారవైచిన పుంజుపిల్లలు. వానికి టీకాలు వేసినవారు లేరు. గ్రుడ్డు పెట్టు యోగమును లేదు. ఏ కాలమునను వానిని కొనదగదు.

ఈ కాలమునకు గల దోషము

శీతకాలమును పొగడి దాని దోషమును దాచుట న్యాయము కాదు. కొల్లేటికిని పులికాటునకును దూరదేశపు పక్షులు వచ్చు కాలమిది. పక్షుల ఫ్లూ తరుచుగా తల యెత్తునదియు ఈ దినములలోనే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాయందును, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలయందును ఈ వ్యాధి బయలుపడి కోళ్లను వేలకొలదిగా చంపవలసి వచ్చినది. కావున జిల్లాలో ఈ వార్త పుట్టిన యెడల, తేదీ మంచిదైనను పిల్లలను తేవలదు. కోళ్లకు చెరువునీరు పెట్టక బావినీరు పెట్టవలయును. బాతులతో కలిసి తిరుగనీయరాదు. ఒక్కసారిగా పెక్కు కోళ్లు చచ్చిన, వానిని తాకక, కోసి పంచుకొనక, పశువైద్యశాలకు తెలుపవలయును.

మా వీధి పెద్దమ్మకు మిగిలిన తొమ్మిదింటిలో అయిదు పెట్టలైనవి. ఆమె యిప్పుడు పంచాంగము తెప్పించి, డిసెంబరు కడపటి పుటను మడచి పెట్టుకొన్నది. వీధిలో మరి యారిండ్లవారు ఆమెతో కలియనున్నారు. మన సోదరీమణులు కొనబోవు సొమ్ము చిన్నదే కావచ్చును. కాని అది తరచుగా ఇల్లాలు ఎవరిని నడుగకుండ కూడబెట్టిన సొమ్ము. పోయిన మరల రానిది. సంక్రాంతి పుంజు గెలుపునకు ఘడియ లెంచువారు గల యీ దేశమున, మన బిడ్డలకు గ్రుడ్డు పెట్టు పెట్టకొఱకు ఒక నెలను ఎంచుకొనుట హెచ్చు శ్రమ కాదు. ముందుగా తొలి గ్రుడ్డు దినము లెక్కింపుడు. పిమ్మట గూడు కట్టుడు. ఆ తరువాతనే పిల్లను తెచ్చుకొనుడు.